డ్రోన్ మ్యాపింగ్ రంగంలోకి ఎలా రావాలి: చదువు నుంచి మొదటి ఉద్యోగం వరకు ఒక క్రమం

"డ్రోన్ లైసెన్సు తీసుకుంటే మ్యాపింగ్ ఉద్యోగం వస్తుందా?" అని ప్రతి వారం ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉన్నారు. లైసెన్సు కావాలి, కానీ ఈ క్రమంలో అది ఐదో మెట్టు. కింది మెట్లు ఎక్కకుండా నేరుగా అక్కడికి వెళ్లి, శిక్షణకు వేల రూపాయలు కట్టి, సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని పని దొరకక ఇబ్బంది పడుతున్న పిల్లలను చాలామందిని చూశాను.

డ్రోన్‌ను గాల్లోకి లేపడం వారం రోజుల్లో వస్తుంది. తీసిన మ్యాపులో ఒక గట్టు ఉన్న చోటు ఎన్ని సెంటీమీటర్ల తేడాతో సరైనదో, ఆ తేడా ఎందుకు వచ్చిందో చెప్పగలగడానికి మాత్రం ఏడాది పడుతుంది. జీతం ఇచ్చేది ఈ రెండో పనికే. అందుకే ఈ మార్గదర్శిలో సాధనకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇది ఇంటర్, ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ స్థాయిలో ఉన్నవారి కోసం రాసినది. ఎనిమిదో భాగం మాత్రం బృందాలు నడిపేవారు కూడా తప్పక చదవాలి.

1. ఏ పని చేయాలో ముందు తేల్చుకోండి

ఒక ఊరి మ్యాపు తయారు కావాలంటే కనీసం నాలుగు రకాల పనివారు కావాలి.

- క్షేత్ర సర్వే: రోవర్ (ఉపగ్రహ సంకేతాలతో చోటును కొలిచే పరికరం), టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే పరికరం) పట్టుకుని నేల మీద బిందువులు కొలిచేవారు. ఎండ, నడక ఎక్కువ.
- డ్రోన్ పైలట్: విమాన ప్రణాళిక, అనుమతులు, బ్యాటరీలు, భద్రత చూసుకునేవారు.
- ప్రాసెసింగ్: వందల ఫొటోలను కలిపి ఆర్థోమొజాయిక్ (వంకరలు సరిదిద్ది ఒకటిగా కలిపిన, కొలవదగిన ఫొటో మ్యాపు), నేల ఎత్తుల నమూనా తయారు చేసి, వాటి కచ్చితత్వాన్ని పరీక్షించేవారు.
- జీఐఎస్ (మ్యాపును, దాని వివరాలను కంప్యూటర్‌లో కలిపి చూసే వ్యవస్థ) విశ్లేషణ, ప్రోగ్రామింగ్: ఆ మ్యాపు మీద గీతలు గీసి, వివరాలు జతచేసి, ప్రశ్నలకు సమాధానం రాబట్టేవారు.

వీటిలో ఒక్కటే తెలిసినవారు కొరత లేకుండా దొరుకుతారు. పక్కపక్కనే ఉన్న రెండు పనులు తెలిసినవారికి గిరాకీ ఉంటుంది. నా సలహా అడిగితే క్షేత్ర సర్వే, ప్రాసెసింగ్ జంటగా నేర్చుకోమంటాను. నేల మీద చేసిన పొరపాటు తెర మీద ఎలా కనబడుతుందో ఆ జంట నేర్చుకున్నవారికే అర్థమవుతుంది.

ప్రస్తుతం పని ఎక్కువగా భూముల చుట్టూ ఉంది. గ్రామకంఠాల్లోని ఇళ్లకు ఆస్తి కార్డులు ఇచ్చే స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్ 24న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే అదే ఏడాది డిసెంబరులో ప్రారంభమైంది. తెలంగాణలో భూభారతి చట్టం వచ్చాక లైసెన్సు పొందిన సర్వేయర్లకు శిక్షణ ఇచ్చారు. ఇవి కాక రోడ్లు, గనులు, కాలువలు, సోలార్ ప్లాంట్లు, విద్యుత్ లైన్ల కొలతల పని ప్రైవేటు సంస్థల్లో ఉంటుంది.

2. ఉన్న చదువు నుంచే దారి వెతకండి

పదో తరగతి పూర్తిచేసినవారికి ఐటీఐలో రెండేళ్ల సర్వేయర్ ట్రేడ్ ఉంది. చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ, గొలుసు, ఆటో లెవెల్, టోటల్ స్టేషన్ చేతికి అలవాటు పడిన ఐటీఐ కుర్రాడు డ్రోన్ సర్వేలో ఇంజనీరింగ్ పట్టభద్రుడికంటే తొందరగా కుదురుకోవడం నేను చూసినదే. పాలిటెక్నిక్ సివిల్ డిప్లొమా కూడా మంచి పునాది.

బీటెక్ సివిల్, కంప్యూటర్ సైన్స్, బీఎస్సీ భూగోళశాస్త్రం, జియాలజీ, వ్యవసాయం చదివినవారు పీజీలో ఈ రంగంలోకి రావచ్చు. గేట్ పరీక్షలో జియోమాటిక్స్ (సర్వే, మ్యాపింగ్ శాస్త్రం) ఇంజనీరింగ్ పేపరు 2022 నుంచి విడిగా ఉంది. మన దగ్గర జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియో ఇంజనీరింగ్ విభాగం, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో స్పేషియల్ ఇన్ఫర్మాటిక్స్ పరిశోధనశాల ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా వారి జాతీయ శిక్షణ సంస్థ హైదరాబాద్ ఉప్పల్‌లో, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో ఉన్నాయి. ఇంత దగ్గరలో ఇన్ని సంస్థలు ఉండటం తెలుగు విద్యార్థులకు దొరికిన వసతి.

డబ్బు కట్టే ముందు ఒకటి చేయండి. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఇస్రోకు చెందిన రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ) ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నిర్వహించి సర్టిఫికెట్లు ఇస్తుంది. అందులో రిమోట్ సెన్సింగ్ (దూరం నుంచి తీసిన చిత్రాలతో నేలను చదవడం), జీఐఎస్ ప్రాథమిక కోర్సు ఒకటి చివరి వరకు పూర్తి చేయండి. అది పూర్తయ్యాక కూడా ఆసక్తి నిలిస్తే పెద్ద కోర్సు గురించి ఆలోచించవచ్చు.

ఏ ప్రైవేటు కోర్సులో చేరే ముందైనా ఇవి అడగాలి:

- విద్యార్థి ఎన్ని గంటలు స్వయంగా పరికరం పట్టుకుంటాడు?
- ఫొటోల ప్రాసెసింగ్ నేర్పుతారా, చూపించి వదిలేస్తారా?
- చెక్ పాయింట్లతో (మ్యాపును పరీక్షించడానికి నేల మీద విడిగా కొలిచిన బిందువులు) కచ్చితత్వ నివేదిక తయారు చేయిస్తారా?
- గత బ్యాచ్ విద్యార్థి ఒకరితో మాట్లాడనిస్తారా?

మూడో ప్రశ్నకు ఎదుటివారు తడబడితే ఆ కోర్సు మీకు అక్కర్లేదు.

3. మొదటి మూడు నెలలు: ఖర్చు లేని సాధన

కావలసినవి ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, రోజుకు గంటన్నర సమయం. 8 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టవచ్చు. డ్రోన్ ఫొటోల దశకు వచ్చేసరికి 16 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. జీఐఎస్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది.

మీ ఊరి చెరువుతో మొదలుపెట్టండి. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, వాటిలో ఒక పిక్సెల్ నేల మీద 10 మీటర్లు. మే నెల చిత్రం ఒకటి, నవంబరు చిత్రం ఒకటి దించుకుని, రెండింటిలోనూ నీటి అంచు వెంట గీత గీసి, విస్తీర్ణాన్ని ఎకరాల్లో లెక్కగట్టండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. తర్వాత చెరువు దగ్గరకు నడిచి వెళ్లి, మీరు గీసిన అంచు అసలు ఎక్కడ ఉందో చూడండి. తుంగ మొలిచిన చోట నీరు ఉన్నా చిత్రంలో పచ్చగా కనబడి, మీ గీత లోపలికి జరిగి ఉంటుంది. ఉపగ్రహ చిత్రం చదవడంలో ఇదే మీ మొదటి పాఠం.

రెండో నెలలో కోఆర్డినేట్ వ్యవస్థలు, అంటే నేల మీది చోటును అంకెల్లో చెప్పే పద్ధతులు, నేర్చుకోండి. ఎక్కువమంది విసుగుపడి దాటేసే భాగం ఇదే, తర్వాత ఎక్కువ నష్టపోయేదీ ఇక్కడే. యూటీఎం అనే పద్ధతిలో భూమిని ఆరేసి డిగ్రీల జోన్‌లుగా విడదీసి మీటర్లలో కొలుస్తారు. మన రెండు రాష్ట్రాల్లో అధిక భాగం యూటీఎం 44 ఉత్తర జోన్‌లో ఉంటుంది. అది 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు. అనంతపురం పట్టణం 43వ జోన్‌లోకి వెళుతుంది. శ్రీకాకుళం జిల్లా చివర ఇచ్ఛాపురం 45వ జోన్‌లో ఉంటుంది. కర్నూలు దాదాపు 78 డిగ్రీల రేఖ మీదే ఉంది కనుక అక్కడ పనిచేసేటప్పుడు ఏ జోన్ వాడుతున్నారో ముందే రాసి పెట్టుకోవాలి.

యూటీఎం మ్యాపు మీద కొలిచిన దూరం, నేల మీద టేపుతో కొలిచిన దూరం సరిగ్గా ఒకటి కావు. జోన్ మధ్య రేఖ అయిన 81 డిగ్రీల దగ్గర, అంటే విజయవాడ, ఏలూరు ప్రాంతంలో, నేల మీద కిలోమీటరు మ్యాపులో 40 సెంటీమీటర్లు తక్కువగా వస్తుంది. విస్తీర్ణంలో 100 ఎకరాలకు సుమారు 8 సెంట్లు తగ్గుతుంది. రైతు దగ్గర 8 సెంట్లు చిన్న మాట కాదు.

మూడో నెల చివరికి ఇవి మీకు రావాలి:

- రెండు వేర్వేరు కోఆర్డినేట్ వ్యవస్థల్లో ఉన్న పొరలను సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడం
- పాత కాగితం మ్యాపును స్కాన్ చేసి జియోరిఫరెన్స్ చేయడం (నేల మీది అసలు చోటుకు కుదర్చడం)
- పాలిగాన్‌ల (కమతం, చెరువు వంటి వాటి చుట్టూ గీసిన ఆకారాల) మధ్య ఖాళీలు, అతివ్యాప్తులు కనిపెట్టి సరిచేయడం
- స్కేలు, ఉత్తర దిశ, సూచిక, తేదీతో ఒక మ్యాపును ఏ3 కాగితంపై ముద్రణకు సిద్ధం చేయడం

ప్రోగ్రామింగ్ వైపు మొగ్గు ఉంటే పైథాన్ ఇప్పుడే మొదలుపెట్టండి. లేకపోతే తొందర లేదు.

4. నేల మీద కొలవడం నేర్చుకోండి

ఈ మెట్టు దాటేస్తే మిగతావన్నీ పైపైనే ఉండిపోతాయి. మీ కళాశాల సర్వే ల్యాబ్‌లోనో, ఊళ్లో పనిచేస్తున్న సర్వేయరు వెంటో కనీసం పది రోజులు గడపండి. జీతం అడగకుండా ప్రిజం పోల్ (టోటల్ స్టేషన్ గురిపెట్టే అద్దం ఉన్న కర్ర) పట్టుకోవడానికి సిద్ధపడితే కాదనేవారు తక్కువ.

ఆర్‌టీకే (కొలుస్తున్నప్పుడే సవరణలు అందుకునే) రోవర్ తెర మీద మూడు మాటలు కనబడతాయి: సింగిల్, ఫ్లోట్, ఫిక్స్. సింగిల్ అంటే మీటర్ల తేడా. ఫ్లోట్ అంటే పదుల సెంటీమీటర్లు. ఫిక్స్ వచ్చాకే ఒకటి రెండు సెంటీమీటర్ల కచ్చితత్వం. చెట్ల కింద నిలబడితే ఫిక్స్ పోయి ఫ్లోట్‌కు పడిపోతుంది. కొత్తవారు తెర చూడకుండా బటన్ నొక్కేస్తారు. పోల్‌కు ఉన్న నీటి బుడగ మధ్యలోకి రావాలి, ఫిక్స్ కనబడాలి, పోల్ ఎత్తు సరిగ్గా నమోదై ఉండాలి. ఈ మూడూ చూసుకున్నాకే నొక్కాలి. పోల్‌ను రెండు మీటర్ల నుంచి ఒకటిన్నరకు దించి, ఆ సంగతి పరికరంలో మార్చడం మరిచిపోతే, ఆ తర్వాతి బిందువులన్నీ అర మీటరు తప్పుతో వస్తాయి.

ఎత్తుల సంగతి మరీ ముఖ్యం. జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ వంటి ఉపగ్రహ వ్యవస్థల) పరికరం ఇచ్చేది దీర్ఘవృత్తాభం, అంటే భూమికి లెక్క కోసం ఊహించిన నునుపైన ఆకారం, నుంచి ఎత్తు. కాలువలు, రోడ్లు కట్టేవారు వాడేది సముద్రమట్టం నుంచి ఎత్తు. దక్షిణ భారతంలో ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. హైదరాబాద్ దగ్గర పరికరం చూపే సంఖ్య సముద్రమట్టపు ఎత్తుకంటే 70 మీటర్లకు పైగా తక్కువగా ఉంటుంది. జియాయిడ్ నమూనా (ఈ తేడా ఎక్కడ ఎంతో చెప్పే పట్టిక) వాడి దీన్ని సరిచేయాలి, లేదా దగ్గరలోని బెంచ్‌మార్కుకు (సముద్రమట్టపు ఎత్తు ముందే తెలిసిన గుర్తుకు) ముడిపెట్టాలి. ఇంటర్వ్యూలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇదే.

సొంత బేస్ (రోవర్‌కు సవరణలు పంపే స్థిర పరికరం) పెట్టుకునే స్తోమత లేని చిన్న బృందాలు సర్వే ఆఫ్ ఇండియా కార్స్ నెట్‌వర్క్‌లో (నిరంతరం పనిచేసే అలాంటి స్థిర కేంద్రాల వ్యవస్థలో) నమోదై, ఇంటర్నెట్ ద్వారా సవరణలు పొందవచ్చు. సెల్ సిగ్నల్ లేని అడవి ఊళ్లలో అది నడవదు కనుక, కొలతలు పూర్తయ్యాక కంప్యూటర్‌లో సవరించే పీపీకే పద్ధతి కూడా నేర్చుకోండి.

5. ఇప్పుడు లైసెన్సు

డ్రోన్ నిబంధనలు 2021 ప్రకారం 18 నుంచి 65 ఏళ్ల లోపు ఉండి, పదో తరగతి పాసైన ఎవరైనా రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కోసం శిక్షణ పొందవచ్చు. శిక్షణ డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి ఉన్న సంస్థలోనే జరగాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. పాస్‌పోర్టు లేకపోయినా ఫర్వాలేదు. 2023 సవరణ తర్వాత ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటి గుర్తింపు పత్రాలు సరిపోతాయి.

డ్రోన్‌లను బరువును బట్టి విభజించారు. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. నానోకు సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోను వ్యాపారేతర పనికి వాడితే అక్కర్లేదు, డబ్బు తీసుకుని చేసే పనికి కావాలి. మ్యాపింగ్‌లో వాడేవి ఎక్కువగా మైక్రో, స్మాల్ తరగతులే కనుక స్మాల్ తరగతికి శిక్షణ తీసుకోవడం మేలు.

ఎగరేసే ముందు ప్రతిసారీ చూడాల్సినవి:

- కేంద్రం వారి డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉంది? ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు.
- విమానాశ్రయం ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఉంటే 200 అడుగుల వరకే ఆ వెసులుబాటు. అంతకంటే దగ్గరైతే అనుమతి తప్పనిసరి.
- డ్రోన్‌కు యూఐఎన్ నంబరు (రిజిస్ట్రేషన్ గుర్తింపు సంఖ్య), థర్డ్ పార్టీ బీమా ఉన్నాయా?
- స్థానిక పోలీసు స్టేషన్‌కు, పంచాయతీకి ముందుగా చెప్పారా?

ఈ నిబంధనలు మారుతుంటాయి. ప్రతి ప్రాజెక్టుకు ముందు డీజీసీఏ పేజీ తెరిచి చూసే అలవాటు చేసుకోండి.

అమెరికాకు ఎమ్మెస్‌కు వెళుతున్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మన సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. డబ్బు తీసుకుని ఎగరేయాలంటే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పెట్టే పార్ట్ 107 రాతపరీక్ష పాసవ్వాలి.

6. మొదటి నమూనా ప్రాజెక్టు: ఇరవై ఎకరాలు

ఉద్యోగం కోసం వెళ్లినప్పుడు మీ సర్టిఫికెట్లకంటే ముందు మాట్లాడేది ఇదే. తెలిసిన రైతు పొలం ఎంచుకోండి. ఇరవై ఎకరాలు చాలు. సొంత డ్రోన్ కొనక్కర్లేదు, శిక్షణ సంస్థదో, స్నేహితుడిదో ఒక పూట అద్దెకు తీసుకోండి.

ముందు లెక్క. ఒక పిక్సెల్ నేల మీద ఎంత వెడల్పును చూపుతుందో దాన్ని జీఎస్‌డీ అంటారు. ఎగిరే ఎత్తును కెమెరా సెన్సర్ వెడల్పుతో గుణించి, ఫోకల్ లెంగ్త్, ఫొటో పిక్సెల్ వెడల్పుల లబ్ధంతో భాగించాలి. 13.2 మి.మీ. సెన్సర్, 8.8 మి.మీ. లెన్సు, 5,472 పిక్సెళ్ల వెడల్పు ఉన్న కెమెరా 100 మీటర్ల ఎత్తున ఉంటే జీఎస్‌డీ 2.74 సెంటీమీటర్లు వస్తుంది. ఒక్కో ఫొటో నేల మీద సుమారు 150 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు చూపుతుంది.

ముందువెనకల అతివ్యాప్తి (ఒక ఫొటోలోని నేల పక్క ఫొటోలోనూ పడే భాగం) 80 శాతం, పక్కవైపు 70 శాతం పెట్టుకుంటే, 20 మీటర్లకు ఒక ఫొటో, వరుసకు వరుసకు మధ్య 45 మీటర్ల దూరం. ఇరవై ఎకరాల చదరపు కమతానికి అంచుల అదనంతో కలిపి తొమ్మిది వరుసలు, దాదాపు 150 ఫొటోలు. ఈ లెక్కను యాప్ చేసిపెడుతుంది, అయినా ఒకసారి కాగితం మీద చేయండి. యాప్‌లో తప్పు కెమెరా ఎంచుకున్నప్పుడు పట్టుకోగలిగేది ఆ లెక్క చేతికి వచ్చినవారే.

తర్వాత నేల గుర్తులు. నాలుగు మూలల దగ్గర నాలుగు, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు కంట్రోల్ పాయింట్లు (మ్యాపును నేలకు కుదర్చడానికి కొలిచి వాడే గుర్తులు). ఇవి కాక మరో నాలుగు చెక్ పాయింట్లు. మొదట్లో నేను ఫ్లెక్స్ ముక్కల మీద నలుపు తెలుపు గళ్లు అచ్చువేయించి పరిచేవాడిని. ఒకసారి సాయంత్రం పరిచి, తెల్లవారి వెళ్లి చూస్తే మూడు కనబడలేదు. రాత్రి చినుకులు పడితే పక్క కళ్లంలో వడ్ల రాశి మీద కప్పారు. ఆ రైతు తప్పేమీ లేదు, పొలంలో పడి ఉన్న ఫ్లెక్స్ ముక్క ఎవరికైనా పనికొస్తుందనే అనిపిస్తుంది. అప్పటి నుంచి సున్నంతో అడ్డంగా నిలువుగా 60 సెంటీమీటర్ల గీతలు గీసి, నడుమ మేకు కొట్టి, దాని తల మీద కొలుస్తున్నాను. కల్వర్టు, బోరు దిమ్మె వంటి సిమెంటు ఉన్న చోట పెయింటు వేస్తే ఏడాది తర్వాత కూడా అదే బిందువు దొరుకుతుంది.

ఎగిరే సమయం ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు మధ్య ఉంటే నీడలు చిన్నవి. మన వేసవిలో మాత్రం ఈ సలహా కుదరదు. చాలా చిన్న డ్రోన్‌లకు తయారీదారు చెప్పే పరిమితి 40 డిగ్రీలే. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిన్నర నుంచి పదిన్నర లోపు ముగించండి. గద్దలు చుట్టూ తిరగడం మొదలుపెడితే దించేయండి. బ్యాటరీ 30 శాతానికి రాగానే వెనక్కి రప్పించండి.

ఫొటోలను ఓపెన్ డ్రోన్ మ్యాప్‌లో ఉచితంగా ప్రాసెస్ చేయవచ్చు. మెటాషేప్, పిక్స్‌ఫోర్‌డీ సంస్థల్లో ఎక్కువగా వాడతారు, ఒకటి వస్తే రెండోది రావడం కష్టం కాదు. ఒక జాగ్రత్త ఉంది. 2021 ఫిబ్రవరి 15 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా 1 మీటరు, ఎత్తులో 3 మీటర్లకంటే సూక్ష్మమైన మ్యాపు డేటాను భారతదేశంలోనే నిల్వ చేసి, ఇక్కడే ప్రాసెస్ చేయాలి. డ్రోన్ డేటా అంతా ఈ పరిధిలోకే వస్తుంది కనుక విదేశీ క్లౌడ్‌లోకి ఎక్కించే ముందు సర్వర్ ఎక్కడుందో తెలుసుకోండి.

చివరగా నివేదిక. చెక్ పాయింట్లను ప్రాసెసింగ్‌లో వాడకుండా పక్కన పెట్టి, మ్యాపులో అవి ఎక్కడ పడ్డాయో, రోవర్ ఏం చెప్పిందో పోల్చండి. అడ్డంగా జీఎస్‌డీకి ఒకటి రెండు రెట్లు, ఎత్తులో రెండు మూడు రెట్లు తేడా ఉంటే పని బాగా జరిగినట్టు. కంట్రోల్ పాయింట్ల తేడానే నివేదికలో చూపించి కచ్చితత్వం అనేవారు ఉన్నారు. అది విద్యార్థి తన పేపరును తానే దిద్దుకోవడం లాంటిది.

మ్యాపు ముద్రించి ఆ రైతుకు ఇవ్వండి. గట్టు ఎక్కడ వంకర తిరుగుతుందో ఆయన వేలితో చూపిస్తారు. మీరు గీసిన గీత ఆ వేలి దగ్గర లేకపోతే మళ్లీ వెళ్లి కొలవండి. డ్రోన్ గట్టును చూపగలదు గానీ చట్టప్రకారం హద్దును చూపలేదు. హద్దు తేలేది రెవెన్యూ శాఖ కొలతల పటాలు (ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టిప్పన్), నేల మీది హద్దు రాళ్లు, ఇరుగు పొరుగు రైతుల సమక్షం, వీటితోనే.

7. తరచూ జరిగే తప్పులు, సవరణలు

మ్యాపు మధ్యలో గిన్నెలా పల్లమో, గుట్టలా ఉబ్బో కనబడితే, కెమెరా క్రమాంకనం (లెన్సు వంపుల లెక్క) సరిగ్గా తేలలేదన్నమాట. మధ్యలో కంట్రోల్ పాయింట్ పెంచండి, కొన్ని వరుసలు కెమెరాను కొంచెం వాల్చి అడ్డంగా ఎగరేయండి.

కోనసీమ కొబ్బరి తోటల్లో ఫొటోలు కలవకపోతే ఎత్తు పెంచి, అతివ్యాప్తిని 85 శాతం చేయండి. గాలికి ఆకులు కదిలితే సాఫ్ట్‌వేర్‌కు ఉమ్మడి బిందువులు దొరకవు. భీమవరం వైపు చేపల చెరువుల మీద కూడా ఇదే ఇబ్బంది. నీటి మధ్య భాగం ఎలాగూ కలవదు, ప్రతి ఫొటోలో కొంత గట్టు పడేలా వరుసల దిశ మార్చుకోండి.

మ్యాపు మొత్తం ఒకే దిశలో జరిగి ఉంటే బేస్ కోఆర్డినేట్ తప్పు. ఎత్తులన్నీ 70, 80 మీటర్లు తేడాగా ఉంటే జియాయిడ్ మరిచారు. వందల కిలోమీటర్ల అవతల కనబడితే జోన్ తప్పు. ఫొటోలు మసకగా ఉంటే షట్టర్ వేగం పెంచండి. సెకనుకు 5 మీటర్ల వేగంతో వెళుతూ 1/500 షట్టర్‌తో తీస్తే సెంటీమీటరు మసక, 1/1000తో అందులో సగం.

ఇంటికి వచ్చాక తప్పు తెలిస్తే మళ్లీ ప్రయాణ ఖర్చే. పొలం వదిలే ముందు ఫొటోల సంఖ్య, మసక, అంచులు, రోవర్ ఫైలు నాలుగూ ల్యాప్‌టాప్‌లో చూసి, రెండో కార్డులోకి నకలు తీసుకోండి.

8. బృందంలో అందరికీ చోటు ఉండాలంటే

ఇది మంచితనం కోసం చేర్చిన భాగం కాదు, మ్యాపు నాణ్యతకు సంబంధించినది. మన పల్లెల్లో చాలా ఇళ్లకు స్నానాల దొడ్డి పైకప్పు లేకుండా తడికల చాటునే ఉంటుంది. పొద్దున్నే డ్రోన్ పైకి లేస్తే ఆ ఇంటి ఆడవారికి అది ఎంత ఇబ్బందో మగవారే ఉన్న బృందానికి తట్టదు. మా బృందంలో ఒక అమ్మాయి చేరాక మొదటి రోజే అడిగింది, "సార్, ఈ టైముకి ఎగరేస్తామని ఇళ్లలో వాళ్లకు మనవాళ్లు ఎవరైనా చెప్పారా?" అప్పటి నుంచి ముందు రోజు సాయంత్రం మైకులో చెప్పించి, ఇల్లిల్లూ తిరిగి సమయం తెలియజేస్తున్నాం. గొడవలు తగ్గాయి. ఆడవారు తమ వాకిలి హద్దులు తామే చూపించడం మొదలుపెట్టారు.

అమ్మాయిలను తీసుకున్న సంస్థలు కూడా వారిని ఆఫీసులో డిజిటైజేషన్‌కే (తెర మీద గీతలు గీసే పనికే) పరిమితం చేయడం నాకు బాధ కలిగిస్తుంది. రోవర్ ముట్టని మనిషికి పదోన్నతి దగ్గర "ఫీల్డు అనుభవం లేదు" అంటారు. బృందాలు నడిపేవారు ఈ పట్టిక పాటించండి:

- ప్రతి కొత్త ఉద్యోగి, ఆడ మగ తేడా లేకుండా, మొదటి ఆరు నెలల్లో క్షేత్రం, ఎగరడం, ప్రాసెసింగ్ మూడూ చేయాలి.
- పొలానికి వెళ్లే ముందే మరుగుదొడ్డి ఎక్కడుందో మాట్లాడి పెట్టాలి. బడి, అంగన్‌వాడీ, సచివాలయం ఏదో ఒకటి ఒప్పుకుంటుంది.
- చీకటి పడేలోగా బసకు చేర్చే వాహనం ఉండాలి, ఒంటరిగా ఎవరినీ పంపకూడదు.
- క్షేత్ర పుస్తకం, భద్రతా పట్టిక తెలుగులో ఉండాలి.
- ఇంటర్వ్యూలో ఇంగ్లీషు కాక పని పరీక్షించాలి. రోవర్ ఇచ్చి ఐదు బిందువులు కొలవమంటే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారు సాంకేతిక పదాలకు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. మెనూలో ఉన్న మాట, దాని అర్థం, ఎప్పుడు వాడారో మీ మాటల్లో రాయండి. రెండు వందల పదాలు దాటేసరికి భయం పోతుంది.

స్వయం సహాయక సంఘాల మహిళలకు ఒక దారి ఇప్పటికే తెరుచుకుంది. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 సంఘాలకు డ్రోన్‌లు ఇచ్చేందుకు ఉద్దేశించినది. డ్రోన్ ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు, కేంద్ర సాయం. అది మందు పిచికారీ కోసమే అయినా, అక్కడ పొందిన పైలట్ సర్టిఫికెట్ మీ సొంతం. మూడు, నాలుగు, ఆరు భాగాల్లోని సాధన జోడిస్తే, అదే మండలంలో పంట నష్టం అంచనా, చెరువుల కొలతల వంటి పనులు చేయవచ్చు.

ఎక్కువ దూరం నడవలేనివారికి ప్రాసెసింగ్, విశ్లేషణ, ప్రోగ్రామింగ్ పూర్తి స్థాయి వృత్తులు. రంగులు గుర్తించడంలో ఇబ్బంది ఉన్నవారిలో చాలామంది ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగ్గా చూడలేరు. క్యూజీఐఎస్‌లో ప్రివ్యూ మోడ్ తెరిచి, వారికి మీ మ్యాపు ఎలా కనబడుతుందో చూసి, రంగులతో పాటు గీతల రకమూ మార్చండి.

ఒంటరిగా నేర్చుకుంటున్నవారు యూత్‌మ్యాపర్స్ వంటి విద్యార్థి సంఘాల్లో, అందరూ కలిసి తయారు చేసే ఉచిత మ్యాపు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ స్వచ్ఛంద పనుల్లో చేరండి. విమెన్ ఇన్ జియోస్పేషియల్ ప్లస్ మహిళలకు అంతర్జాతీయ పరిచయాలు కలిగించే వేదిక.

9. ఉద్యోగానికి వెళ్లే ముందు

తీసుకెళ్లాల్సినవి: ముద్రించిన మ్యాపు ఒకటి, కచ్చితత్వ నివేదిక రెండు పేజీలు, ఒక తప్పు ఎలా జరిగింది, ఎలా దిద్దారు అన్నదాని మీద అర పేజీ. ఆ అర పేజీనే నేను ముందు చదువుతాను.

చేరే ముందు మీరు వారిని అడగాల్సినవి:

- డ్రోన్‌కు యూఐఎన్, బీమా కాగితాలు చూపిస్తారా?
- డ్రోన్ కూలితే ఆ నష్టాన్ని ఉద్యోగి జీతంలో కోస్తారా?
- ప్రయాణ భత్యం, బస, భోజనం ఎవరిది?
- అనుమతి లేని చోట ఎగరేయమంటే కాదనే హక్కు పైలట్‌కు ఉందా?

చివరి రెండింటికీ సమాధానం కాగితం మీద తీసుకోండి. సర్టిఫికెట్ మీ పేరున ఉంటుంది కనుక, గాల్లో ఏం జరిగినా పోలీసులు మొదట అడిగేది మిమ్మల్నే.